గిటారుకు గొయ్యి తవ్వే ముందు

మన యూనియన్ ఎలక్ట్రిక్ గిటారుకు స్వరాన్ని వణికించే కడ్డీ బిగించాలని కొందరు మిత్రులు పట్టుబడుతున్నారు. బిగించండి, కాదనను. చెక్క తొలిచే రకం మాత్రం వద్దు. మా బోధన్ దిక్కు నరికిన చెరకు మళ్లీ కార్శి పంటగా లేస్తుంది; గిటారు చెక్క లేవదు గదా!

1954లో ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్‌కు పెట్టిన రకానికి స్ప్రింగుల కోసం లోపల గొయ్యి కావాలి. (దాన్ని వాళ్లు ట్రెమొలో అన్నారు. ధ్వని బలం వణికితే ట్రెమొలో, స్థాయి వణికితే వైబ్రాటో. ఫిజిక్సు విద్యార్థులమైనా సరిగా పిలుద్దాం.) బిగ్స్‌బీ రకం పైనే మరలతో కూర్చుంటుంది.

కడ్డీ నొక్కితే తీగ బిగువు తగ్గి స్వరం దిగుతుంది. వదిలితే స్ప్రింగు యథాస్థానానికి తేవాలి. మెడ చివరి పట్టీ గాడిలో తీగ ఇరుక్కుంటే శ్రుతి తిరిగి రాదు. కనుక ముందు ఆ గాళ్లు నున్నగా చేయించి, పెన్సిలు పొడి రాయండి. వార్షికోత్సవంలో పాట మధ్య శ్రుతి పోతే కడ్డీని ఎవరూ తిట్టరు, వాయించేవాణ్ణే తిడతారు.