ఖంగుమనని జాడీ

మా అత్తగారు కోఠిలో జాడీ కొనడమంటే పెళ్ళిచూపులంత తతంగం. ఆరు జాడీలు వరసగా పెట్టించి, ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో కొట్టి చెవి వొగ్గి వింటారు. ఖంగుమన్నది పక్కకు పోతుంది. బొదబొదమన్నదాన్ని చూపి, "ఇది బీట వేసింది నాయనా, తీసెయ్" అంటారు. "ఎక్కడమ్మా బీట?" అని కొట్టతను దాన్ని ఎండకు పట్టి తిప్పుతాడు. కంటికేమీ కనబడదు. నిరుడు కంటిని నమ్మి నేను వేరే చోట కొన్న జాడీలోంచి ఆవకాయ నూనె అటకంతా పాకింది గనక, ఈసారి నేను నోరెత్తలేదు.

కంటికి దొరకని బీట చెవికెలా దొరుకుతుంది? పింగాణీ ఖంగుమని మోగాలంటే దాని వొళ్ళంతా ఒక్కటిగా కదలాలి. నడుమ బీట వుంటే ఆ రెండు అంచులూ ఒరుసుకుని మోతను మింగేస్తాయి. అంతే.

అసలు చిత్రమంతా బీట కొసన వున్నది. అదే వీధిలో బట్టల కొట్టుకు వెళ్ళి చూడండి. గుడ్డ చింపేముందు గుమాస్తా కత్తెరతో చిన్న గాటు పెడతాడు. ఆపైన రెండు చేతులా లాగితే చర్రున పోతుంది. లాగిన బలమంతా గాటు కొసకు చేరిందన్నమాట. గాజుకూ పింగాణీకీ సాగే గుణం లేదు గనక కొస మీది బరువు తగ్గే దారీ లేదు. గాటు ఎంత వాడిగా వుంటే కొసన ఒత్తిడి అంత ఎక్కువని 1913లో ఇంగ్లిస్ అనే ఇంజనీరు లెక్కగట్టి చూపాడు. ఇనప పలకలో పగులు కనబడితే దాని కొసన గుండ్రటి బెజ్జం వేసేది ఇందుకే.

మరి బీట వున్న ప్రతి జాడీ అక్కడికక్కడే రెండు ముక్కలు కావాలి గదా? కాదు. ఎందుకో 1921లో గ్రిఫిత్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు చెప్పాడు. ఆయనది జమాఖర్చుల లెక్క. పగులు సాగాలంటే కొత్త అంచులు పుట్టాలి, అది ఖర్చు. చుట్టూ బిగిసివున్న పదార్థం సడలి శక్తినిస్తుంది, అది రాబడి. పగులు రెండింతలైతే ఖర్చు రెండింతలు, రాబడి నాలుగింతలు! (మన ఇళ్ళలో ఇలాంటి లెక్క ఒక్క నెలా కుదరదు.) పగులు పొట్టిగా వున్నంతకాలం రాబడి చాలక కదలదు. ఒక నిడివి దాటిందా, ఇక ఎవరూ కొట్టనక్కర్లేదు. గాజులో అది సెకనుకు సుమారు ఒకటిన్నర కిలోమీటరు పరుగెత్తగలదు. కోఠిలో బయలుదేరితే నారాయణగూడకు రెండు సెకన్లు చాలు. బస్సు సంగతి మీకు తెలిసిందే.

పొట్టి పగులును ఆ నిడివికి చేర్చడంలో తేమకు పెద్ద చెయ్యి వున్నది. కొసన బిగిసివున్న అణువుల బంధాలను గాలిలోని తడి కూడా మెల్లగా, నెలల తరబడి తెంపుతుంది. ఎవరూ ముట్టకుండానే అలమారలో గ్లాసు పగలడం వున్నదే. పాపం, దానికి పిల్లలు తిన్న చీవాట్లు అన్యాయమైనవి.

అదే నీరు ఇంకోచోట మేలు చేస్తుంది. ఈ పేటకు పేరు తెచ్చిన కోఠి, అనగా 1803 ప్రాంతంలో కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ, మహిళా కళాశాలగా వుండి ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయమైంది. దానికి పూసింది సున్నపు గార. సున్నపు గార సన్నగా బీటలు వారితే, వాన నీరు కొంచెం సున్నాన్ని కరిగించి తెచ్చి ఆ సందుల్లోనే పేరబెడుతుంది. పెద్ద నెర్రెలకు మేస్త్రీ రావలసిందే. పింగాణీకి ఈ పాటి భాగ్యమూ లేదు.

కొట్టతను విసుగుతో లోపలినుంచి ఏడో జాడీ తెచ్చాడు. అత్తగారు కొట్టారు. ఖంగుమంది! అతను పొట్లం కట్టబోతుంటే, "ఉండు నాయనా. దీన్నిండా నీళ్ళు పోసి కింద పొడి కాగితం పరిచిపెట్టు. మేం సుల్తాన్ బజారుకు వెళ్ళొస్తాం" అన్నారు.

అతను నా వంక చూశాడు. నేను జాడీ వంక చూశాను.