గోడ తర్వాతే గొంతా?

మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో గిటారు పట్టిన కుర్రాళ్ల మధ్య మల్టీఎఫెక్ట్స్ పెడల్ గురించి ఒక మాట పాతుకుపోయింది. "మల్టీ ఉంది కదా, ఇంకేటి కావాలి? ఆంప్ ముందు గుచ్చీడమే." ఆంప్ వెనక సెండ్, రిటర్న్ అని రాసి ఉండే రెండు సాకెట్లు వాళ్ల లెక్కలో ఉండీ లేనట్టే. శబ్దం ముద్దగా వస్తే పెడల్‌ని తిట్టి, అమ్మేసి, అంతకు రెట్టింపు ధరలో ఇంకోటి తెస్తారు. అదీ ముద్దగానే మోగుతుంది. అమ్మేసిన పెడల్ మంచిదే. దాన్ని కలిపిన చోటే తప్పు.

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస దుంగ వీణగా మారడం చూసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. వేలు మీటుతుంది, తీగ కదులుతుంది, ఆ కదలిక కుండలోకి దిగి నాదమవుతుంది. ఆ నాదం గదిలోకి వచ్చాకే గోడలు దాన్ని తిప్పి పంపుతాయి. గోడల ప్రతిధ్వనిని తెచ్చి కుండలో పోయడం ఎవరికీ సాధ్యం కాదు. గిటారు ఆంప్‌లో మాత్రం మనవాళ్లు రోజూ చేస్తున్న పని అదే. ప్రీఆంప్ గిటారుకు కుండలాంటిది. గరగరలాడే డిస్టార్షన్ గొంతు అక్కడే పుడుతుంది. డిలే, రివర్బ్ గోడలు. ఆ సెండ్, రిటర్న్ సాకెట్లే ఎఫెక్ట్స్ లూప్, ప్రీఆంప్‌కీ పవర్ ఆంప్‌కీ మధ్య ఉన్న వాకిలి. గోడల్ని ఆ వాకిలి దగ్గర నిలబెట్టాలి.

ముందు పెడితే ఏమవుతుందో వినండి. డిలేలో ప్రతి పలుకూ ముందుదాని కన్నా సన్నగా వినిపించాలి. గెయిన్ పెంచిన ప్రీఆంప్ పెద్ద శబ్దాన్ని నొక్కి, చిన్న శబ్దాన్ని లేపుతుంది. అందుకే నాలుగో పలుకు కూడా దాదాపు మొదటిదానంత గట్టిగా వస్తుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. రెండు స్వరాలు ఒకేసారి డిస్టార్షన్‌లోకి వెళితే వాటి పౌనఃపున్యాల మొత్తం, తేడాల దగ్గర కొత్త స్వరాలు పుడతాయి. స, ప జంటకు పుట్టేవి వాటికి దగ్గరి చుట్టాలే. రాక్ గిటారులో పవర్ కార్డ్ నిలబడటానికి కారణం అదే, మన తంబురాకు ఆధారమూ ఆ జంటే. అయిపోయిన కార్డు ప్రతిధ్వని మీద కొత్త కార్డు పడితే మాత్రం పుట్టేవి ఎవరికీ చుట్టాలు కావు. ఆ బురదకు పెడల్ ధరతో సంబంధం లేదు.

ఒక ఏడు సిరిమానోత్సవం రోజుల్లో ఓ వేదిక మీద నేను కూడా ఈ బురదే వినిపించాను. సోలో మొదలైన రెండు క్షణాలకే కీబోర్డు అన్నయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది.

"పెడల్‌లోనే ఆంప్ మోడల్, స్పీకర్ మోడల్ ఉన్నాయి, లూప్ దేనికి?" అని అడిగేవాళ్లున్నారు. వాటిని ఆన్‌లో ఉంచి ఆంప్ ముందు గుచ్చితే ఒక ప్రీఆంప్ మీద ఇంకో ప్రీఆంప్, ఒక స్పీకర్ మీద ఇంకో స్పీకర్ ఎక్కుతాయి. ఆ మోడళ్లే కావాలంటే పెడల్‌ని నేరుగా రిటర్న్‌లోకి కలిపి, ఆంప్ గొంతును పక్కన పెట్టండి. బాస్ కంపెనీ జీటీ పెడళ్లలో అవుట్‌పుట్ ఎంపికల్లో కాంబో రిటర్న్, స్టాక్ రిటర్న్ అని వేరుగా ఇచ్చింది. తయారు చేసినవాళ్లకు తెలిసిన సంగతే ఇది. 1975లో వచ్చిన రోలండ్ జేసీ-120 లాంటి శుభ్రమైన ఆంప్‌ను శుభ్రంగానే వాడితే ముందు గుచ్చినా పరవాలేదు. ఆర్కెస్ట్రాలో ఆంప్ లేకుండా నేరుగా మిక్సర్‌కి ఇస్తే స్పీకర్ మోడల్ ఆన్‌లో ఉండాల్సిందే. ఈ రెండు సందర్భాలనూ ఒప్పుకుంటాను.

అలాగని మొత్తం మల్టీని లూప్‌లో పడేయమని నేననడం లేదు. అది ఇంకో పొరపాటు. వావా, కంప్రెసర్, ఓవర్‌డ్రైవ్ గిటారు తీగ దగ్గరే ఉండాలి. లూప్‌లో వెళ్లే సిగ్నల్ గిటారు సిగ్నల్ కన్నా చాలా బలంగా ఉండొచ్చు, ఓవర్‌డ్రైవ్ అక్కడ దెబ్బతింటుంది. అందుకే నాలుగు కేబుళ్ల పద్ధతి. గిటారు నుంచి పెడల్ ఇన్‌పుట్‌కి ఒకటి, పెడల్ సెండ్ నుంచి ఆంప్ ఇన్‌పుట్‌కి ఒకటి, ఆంప్ సెండ్ నుంచి పెడల్ రిటర్న్‌కి ఒకటి, పెడల్ అవుట్‌పుట్ నుంచి ఆంప్ రిటర్న్‌కి ఒకటి. ఒకే పెట్టెలో సగం ముందు, సగం వెనక.

ఇలా కలిపితే కొన్నిసార్లు హమ్ వస్తుంది. ఆంప్‌కీ పెడల్‌కీ మధ్య ఎర్త్ రెండు దారుల్లో కలవడమే కారణం. కేబుళ్లను కలిపి కట్టండి, అవసరమైతే సిగ్నల్ దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. ప్లగ్ ఎర్త్ పిన్ మాత్రం విరవకండి. జనరేటర్ మీద నడిచే పండగ వేదికలో మైకు మీద పెదవి, తీగ మీద చెయ్యి ఉంటాయి, షాక్ కొడితే ప్రాణమే పోవచ్చు. ఎవరు విరవమన్నా వినకండి, దండం పెడతాను.

"ఇవన్నీ విదేశీ గొడవలు, సినిమా పాటకు ముందు గుచ్చితే చాలదా?" అనే మాట నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. 1919లో సంగీత కళాశాల వెలసిన ఊరు విజయనగరం. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆ కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పారు. వయొలినూ విదేశీదే. మనవాళ్లు దాని తీగల శ్రుతి మార్చి స, ప, స, ప చేసుకున్నారు, కూర్చుని వాయించారు. ఆ ఊళ్లో పెరిగిన చేతులకు రెండు సాకెట్ల సంగతి తెలుసుకోవడం భారమా?

ఈ రాత్రే చూడండి. ఆంప్‌లో గెయిన్ సగానికి పెట్టండి, డిలేని 400 మిల్లీసెకన్లకు పెట్టండి. రెండు వేర్వేరు కార్డులు వెంటవెంటనే వాయించండి. పెడల్ ఒకసారి ముందు, ఒకసారి లూప్‌లో. అదే పెడల్, అదే గిటారు, అవే వేళ్లు. రెండో కార్డు మీద చెవి పెట్టండి.