గైడ్ లేని రోజులు ఎవరి లెక్కలోకి?

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ పూర్తి చేయడానికి గరిష్ఠ గడువు ఆరేళ్లు. ఈ ఆరేళ్లను అడ్మిషన్ తేదీ నుంచి లెక్కేస్తారు, గైడ్ దొరికిన తేదీ నుంచి కాదు. గైడ్ కోసం ఏడాది పాటు గది గదికీ తిరిగిన విద్యార్థికి ఆ ఏడాది తన గడువులోంచే పోతుంది. డిపార్ట్‌మెంటుకు మాత్రం పోయేదేమీ లేదు. దళిత, ఆదివాసీ విద్యార్థులకు 'అకడమిక్ సపోర్ట్' గురించి ఎవరు మాట్లాడినా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలంటున్నాం.

1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఇప్పుడు ఐటీ కారిడార్ నడిబొడ్డున ఉంది. 1998లో సైబర్ టవర్స్ వచ్చాక దాని చుట్టుపక్కలంతా మారిపోయింది. లోపల మారనిదేమిటో 2008 ఫిబ్రవరిలో బయటపడింది. సెంథిల్ కుమార్ తమిళనాడులోని సేలం జిల్లా నుంచి, పందుల పెంపకంతో బతికే కులం నుంచి ఫిజిక్స్ పీహెచ్‌డీ దాకా వచ్చిన విద్యార్థి. చనిపోయే నాటికి ఆయనకు గైడ్ లేరు. ప్రొఫెసర్ వినోద్ పావరాల కమిటీ విచారణ జరిపి, గైడ్ల కేటాయింపులో స్పష్టత లేదని, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు దాన్ని వివక్షగా అనుభవిస్తున్నారని చెప్పింది. ఐదేళ్లు గడిచాయి. 2013 నవంబరులో పరిశోధక విద్యార్థి మాదారి వెంకటేశ్ చనిపోయారు. సంవత్సరాల తరబడి గైడ్‌ను కేటాయించలేదన్నదే అప్పుడూ ఆరోపణ.

2016 జనవరి 17న మనం రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. రోహిత్ విషయంలో ప్రశ్న గైడ్ గురించి కాదు. ఆగిపోయిన ఫెలోషిప్, హాస్టల్ నుంచి వెలి, అధికారం నడిపిన రాజకీయం గురించి. ముగ్గురి పేర్లనూ ఒకే నినాదంలో పలకడం మనకు అలవాటైంది. అందులో తప్పు లేదు గానీ, సెంథిల్, వెంకటేశ్‌లు మిగిల్చిన ప్రశ్న వేరేదని, అది ఇంకా తేలలేదని మరిచిపోతున్నాం.

గైడ్ అంటే పుస్తకాల పేర్లు చెప్పే పెద్దమనిషి మాత్రమే కాదు. ప్రతి సెమిస్టర్‌లోనూ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు మన పనికి పూచీ పడాల్సింది ఆయనే. ఫెలోషిప్ కాగితాల మీద సంతకం ఆయనదే, రేపు ఉద్యోగానికి సిఫార్సు లేఖా ఆయనదే. ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు మించకూడదు. ఖాళీ ఎవరి దగ్గరుందో, ఎవరిని ముందే కలవాలో చదువుకున్న ఇళ్ల పిల్లలకు అన్నం తింటూనే తెలిసిపోతుంది. మొదటి తరం విద్యార్థికి ఆ మాట చెప్పేవాళ్లుండరు. పైగా 'నీ టాపిక్ నా ఏరియా కాదు' అనేస్తే చాలు, ఆ తిరస్కారానికి కారణం రాసివ్వాల్సిన పని ఎవరికీ లేదు.

ఇది ఒక్క క్యాంపస్ జబ్బు కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌పై థొరాట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదికలో 69 శాతం ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు టీచర్ల నుంచి తగిన తోడ్పాటు లేదన్నారు. 2023 డిసెంబరులో కేంద్రమే లోక్‌సభకు చెప్పిన లెక్క ప్రకారం, ఐదేళ్లలో కేంద్రీయ విశ్వవిద్యాలయాలు వదిలి వెళ్లినవాళ్లలో 2,424 మంది ఎస్సీలు, 2,622 మంది ఎస్టీలు. విద్యార్థులు తమ ఇష్టప్రకారం వేరే కోర్సులకు, సంస్థలకు మారుతుంటారన్నది ప్రభుత్వ వివరణ. ఆ ఇష్టం ఎలా పుట్టిందో ఎవరూ అడగలేదు.

కారిడార్ చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇదే సమస్య ఇంకో రూపంలో ఉంది. న్యాక్ మార్కుల్లో మెంటార్-విద్యార్థి నిష్పత్తికీ చోటుంది కాబట్టి మెంటార్ రిజిస్టర్లు చాలాచోట్ల తనిఖీ ముందు నిండుతాయి. చాలా ఐటీ కంపెనీలు పదో తరగతి నుంచి బీటెక్ దాకా 60 శాతం అడుగుతాయని, బ్యాక్‌లాగ్ ఉంటే ఇంటర్వ్యూ గడపే తొక్కనివ్వరని మొదటి ఏడాదిలో చెప్పేవాళ్లు లేక, పల్లె నుంచి వచ్చిన పిల్లలకు ఆ సంగతి నాలుగో ఏడాదిలో నోటీస్ బోర్డు చెబుతుంది. రీయింబర్స్‌మెంట్ బకాయిల పేరుతో సర్టిఫికెట్ ఆగితే ఎవరి దగ్గరికెళ్లాలో ఏ మెంటారూ చెప్పరు.

వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని యూజీసీ 2012లోనే చెప్పింది. అది కాగితం మీదే ఉందని రాధిక వేముల, అబేదా తడ్వీ అనే ఇద్దరు తల్లులు 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2026 జనవరిలో కొత్త నిబంధనలు వచ్చాయి, అదే నెలలో సుప్రీంకోర్టు వాటిని ఆపింది. ఆ వాదన ఎటు తేలినా, గైడ్ కేటాయింపు దానికోసం ఆగాల్సిన విషయం కాదు. గైడ్ లేని రోజులను ఆరేళ్ల గడువుకు కలపాలి. వద్దన్న అధ్యాపకులు కారణం రాసివ్వాలి. విద్యార్థి సంఘాలు ఈ సెమిస్టర్‌లోనే సమాచార హక్కు కింద ప్రతి డిపార్ట్‌మెంటునూ మూడు వివరాలు అడగొచ్చు: ఐదేళ్లలో చేరిన ప్రతి స్కాలర్ అడ్మిషన్ తేదీ, గైడ్ కేటాయించిన తేదీ, కేటగిరీ. పేర్లు అక్కర్లేదు.