మేళానికి గోడలెందుకు?

శాన్‌ఫ్రాన్సిస్కోలో 2006లో ‘క్లాసికల్ రివల్యూషన్’ పేరుతో కొందరు వాద్యకారులు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని హాళ్ల నుంచి కెఫేలకు, బార్లకు తెచ్చారు. అక్కడ అది ప్రయోగం. కొండవీటి ప్రాంతానికి మాత్రం పాత అలవాటే. కొండవీటి కొండకు దగ్గరలోని చిలకలూరిపేట నాదస్వరానికి పెట్టింది పేరు. నాదస్వరాలు, డోళ్లు, శ్రుతి, తాళం, అంతే మేళం. పెళ్లిపందిట్లో, దేవుడి ఊరేగింపులో, నడివీధిలో అది త్యాగరాజ కీర్తనలు వినిపించింది. ఆ విద్యను తరతరాలుగా కాపాడినవారిలో ముస్లిం కుటుంబాలున్నాయి. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర సాధన చేసిన కరవది షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ‘సంగీత కళానిధి’ అందుకున్నారు. వీధిలో వాయిస్తే విద్య పలచబడుతుందనే వాదనకు ఇంతకన్నా జవాబేం కావాలి?

పందిట్లో ఎవరు వింటారండీ, అంతా మాటల హోరు, వడ్డనల హడావుడి అంటారు. నిజమే, కాదనలేం. కానీ నాదస్వరం ఆరుబయట కోసమే పుట్టిన వాద్యం. ఊరేగింపు నెమ్మదిగా సాగే కొద్దీ రాగాలాపనకు సభలో దొరకనంత తీరిక దొరికేది. చెవి పెట్టేవాడు నలుగురిలో ఒక్కడైనా, రేపటి రసికుడు అక్కడే తయారయ్యేవాడు. టికెట్టు కొని హాలుకు వెళ్లే అలవాటు లేని ఇంటి పిల్లవాడికి మరో దారేదీ? నన్ను బాధపెట్టేది సందడి కాదు, మేళం ఉండాల్సిన చోట మోగుతున్న రికార్డు. ముహూర్తానికి ముందు అరగంట మైకు ఆపి, మేళగాళ్లను వేదిక పక్కన కూర్చోబెట్టి, వారి విద్యకు తగ్గ సంభావన ఇవ్వడం ఏ పెళ్లివారికీ భారం కాదు.