కోటిపల్లి – నర్సాపురం రైలు: యీ ఆలస్యానికి బాధ్యులెవరు?

కోనసీమకు రైలు వస్తుందన్న మాట వింటూ ఒక తరం పెరిగి పెద్దదయింది. కోటిపల్లి నుంచి అమలాపురం, రాజోలు మీదుగా నర్సాపురం దాకా 57 కిలోమీటర్ల లైను 2000–01లో మంజూరయింది. పాతికేళ్లు గడిచిపోయాయి. 2022లో అమలాపురం జిల్లా కేంద్రం కూడా అయింది. అయినా అక్కడికి రైలు రాలేదు.

అసలు కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లోనే రైలు నడిచింది. 1940లో యుద్ధావసరాల పేరిట తెల్లదొరల ప్రభుత్వం ఆ పట్టాలు పీకించుకుపోయింది. మళ్లీ రైలు వచ్చింది 2004లో. పరాయివాడు పీకిన పట్టాలు తిరిగి వేయడానికి స్వతంత్ర భారతానికి 57 ఏళ్లు పట్టిందన్నమాట! నర్సాపురం లైను కూడా అదే బాటలో నడుస్తున్నది.

ఆలస్యానికి అధికారులు చెప్పే కారణాలు మూడు: డబ్బు, నదులు, భూమి. ఒక్కొక్కటే చూద్దాం.

డబ్బు సంగతి. ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం భరించాలన్నది షరతు. రాష్ట్రం తన వాటా కట్టలేదని రైల్వే అంటుంది. ఖజానాలో లేదని రాష్ట్రం అంటుంది. ఏటా బడ్జెట్లో విదిలించే పైకం పనికి చాలదు. పని ఆగితే సిమెంటు, ఇనుము ధరలు ఆగుతాయా? అంచనా 2,120 కోట్ల రూపాయలకు చేరింది. అంచనా పెరిగితే రాష్ట్రం వాటా కూడా పెరుగుతుంది. పెరిగిన వాటా చూసి రాష్ట్రం మరింత వెనక్కి తగ్గుతుంది. ఆలస్యమే ఖర్చును పెంచుతోంది, ఆ ఖర్చే మళ్లీ ఆలస్యానికి సాకవుతోంది.

నదుల సంగతి. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయలూ దాటాలి. కష్టమయిన పనే, కాదనం. కానీ ఆ మూడింటిలోనూ స్తంభాలు లేచాయి కదా! నీళ్లలో స్తంభం కట్టగలిగినవారు గట్టు మీద పట్టా వేయలేకపోయారంటే, లోపం గోదావరిది కాదు.

ఇక మిగిలింది భూమి. "రైతులు భూములివ్వడం లేదండీ" అన్నది తేలిగ్గా దొరికే మాట. కోనసీమలో కమతాలు చిన్నవి. అరెకరం కొబ్బరితోట పోతే ఆ కుటుంబానికి మిగిలేదేమిటి? న్యాయమయిన ధర సకాలంలో చేతికి రావాలని అడగడం అభివృద్ధికి అడ్డుపడటం కాదు.

ఆ తోటలో కాయ దింపేవాడు, పొలం కౌలుకు చేసేవాడు సంగతి ఎవరికీ పట్టలేదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద బతికిన కౌలుదారూ, వ్యవసాయ కూలీ కూడా బాధిత కుటుంబమే. 2015 నుంచి రైల్వే సేకరణకు కూడా ఆ చట్టపు పరిహారం, పునరావాసం నియమాలు వర్తిస్తున్నాయి. కాని కౌలు మాట నోటిమాటే. 2019 నాటి రాష్ట్ర చట్టం కింద కార్డు కావాలన్నా భూస్వామి సంతకం పెట్టాలి. కాగితం లేనివాడికి పరిహారమెలా వస్తుంది?

ఇంకొక ప్రమాదం వుంది. గిట్టుబాటు ధర లేకా, మురుగు పోకా 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. రైలు కట్టకు చాలినన్ని తూములు పెట్టకపోతే అదే నీరు మళ్లీ చేల మీద నిలుస్తుంది. చేను మునిగితే మొదట పోయేది కూలీ పనిదినాలే.

రైలు రావాలి. కాకినాడకో, నర్సాపురానికో పనికి పోయేవాడికి బస్సు చార్జీ తగ్గాలి. అందుకే మేమనేది: కేంద్రం, రాష్ట్రం ఎప్పటికి ఎంత కడతాయో తేదీలు వేసి ప్రకటించాలి. ఏ వూళ్లో ఎవరి భూమి ఎంత పోతుందో పంచాయతీ గోడకు అంటించాలి. ఆ జాబితాలో కౌలుదారుల, కూలీల పేర్లుండాలి. తూములెక్కడ పెడతారో పొలం చేసేవాళ్లనే అడగాలి.

గ్రామసభ జరిగిన రోజున యీ నాలుగు ప్రశ్నలూ లేచి అడగండి. జవాబు నోటిమాటగా కాదు, తీర్మానాల పుస్తకంలో రాయించండి.