కండ పెరిగితే చాలదు, కాలు కదలాలి

మంచినీళ్ల కోసం లేవబోయిన డెబ్బై ఏళ్ల నాన్నను 'మీరు కూర్చోండి, నేను తెస్తా' అనడం మన ఇళ్లలో మర్యాద. అత్తగారి చేతిలోని బిందె అందుకోవడం గౌరవం. ఆ మర్యాదకు వంకపెట్టలేం. కానీ వయసు మీద పడ్డాక ఒంట్లో కండ ఎలా కరుగుతుందో వైద్యులు వెతికిన కొద్దీ, ఆ కరుగుదలకు ఊతమిచ్చే వాటిలో ఈ కూర్చోబెట్టడం కూడా ఒకటని తేలుతోంది. 2007లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న పన్నెండు మంది వృద్ధులను పది రోజుల పాటు మంచం మీదే ఉంచారు. వాళ్లకు జబ్బు లేదు, తిండికి లోటు లేదు. అయినా ఆ పది రోజుల్లోనే కాళ్లలో సగటున కిలోకు కాస్త తక్కువ కండ తరిగిపోయింది. ఆసుపత్రిలో వారం పడుకుని ఇంటికొచ్చిన పెద్దలు మెట్లెక్కలేకపోతే 'వయసైపోయింది' అని సరిపెట్టుకుంటాం. అందులో వయసు వాటా ఎంతో, మంచం వాటా ఎంతో ఎవరూ అడగరు.

ఈ కండ క్షీణతకు సార్కోపీనియా అనే పేరు 1980ల చివర్లో ఇర్విన్ రోసెన్‌బర్గ్ పెట్టారు. అమెరికా వైద్య రికార్డుల్లో దానికి ప్రత్యేకంగా ఒక కోడ్ దక్కింది మాత్రం 2016లోనే. ఈ మధ్యకాలంలో ఆశలన్నీ మందు మీదే. కండ ఎదుగుదలకు కళ్లెం వేసే మయోస్టాటిన్ అనే ప్రోటీన్‌ను 1997లో జాన్స్ హాప్కిన్స్ శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆ జన్యువు తీసేసిన ఎలుకల్లో కండ రెండు మూడు రెట్లు పెరిగింది. కళ్లెం విప్పితే ముసలి ఒంట్లోనూ కండ పెరగదా అన్న తర్కం అక్కడే పుట్టింది. ఆ దారిలోనే వచ్చిన బిమాగ్రుమాబ్ అనే మందును సార్కోపీనియా ఉన్న వృద్ధుల మీద ఆరు నెలల పాటు పరీక్షించి, 2020లో ఫలితాలు ప్రకటించారు. కొవ్వు మినహాయించిన ఒంటి బరువు మందు తీసుకున్నవారిలో సుమారు 7 శాతం పెరిగింది, తీసుకోనివారిలో 1 శాతమే. అయితే నడక, కుర్చీలోంచి లేవడం, నిలదొక్కుకోవడం కలిపి వేసిన మార్కుల్లో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మందున్నా లేకున్నా అందరిచేతా వ్యాయామం చేయించారు, తిండి విషయంలో సలహాలిచ్చారు. రెండు జట్లూ మెరుగుపడ్డాయి. మందు దానికి అదనంగా కలిపిందేమీ కనిపించలేదు.

కారణం వింత కాదు. కండ ఎంత ఉందన్నది ఒక లెక్క, ఎంత పని చేస్తుందన్నది ఇంకో లెక్క. వయసుతో కండను కదిలించే నరాలు తగ్గుతాయి, కండలోకి కొవ్వు చేరుతుంది. సైన్యాన్ని పెంచినంత మాత్రాన ఆజ్ఞలు అందకపోతే యుద్ధం సాగదు. అందుకే ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో ముందు బలాన్నే చూడమంది. చేతి పట్టు మగవాళ్లలో 28 కిలోల కన్నా, ఆడవాళ్లలో 18 కిలోల కన్నా తక్కువున్నా, కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు దాటినా సార్కోపీనియా ఉందేమోనని అనుమానించాలంది. ఆ బలం పెంచడానికి రుజువైన దారి పాతదే. 1990లో బోస్టన్‌లో, వృద్ధాశ్రమంలో ఉంటున్న 86 నుంచి 96 ఏళ్ల వయసు గల పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించారు. కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేశారు.

ముసలివాళ్లతో బరువులెత్తిస్తే కీళ్లు, గుండె తట్టుకుంటాయా అన్నది న్యాయమైన భయమే. బోస్టన్‌లో అది వైద్యుల కనుసన్నల్లో, ఒక్కొక్కరి శక్తిని కొలిచి, కొంచెం కొంచెంగా పెంచుతూ జరిగింది. ఇక్కడా డాక్టర్‌ను అడిగే మొదలుపెట్టాలి. జీవితమంతా పొలంలో చేసినవాళ్లకు మళ్లీ కసరత్తా అని మరికొందరంటారు. పాతికేళ్ల నాటి కష్టం బ్యాంకులో వేసిన డబ్బు కాదు, వాడటం మానేసిన రోజు నుంచే కండ తరుగుతుంది. పప్పూ పాలూ గుడ్లూ పెడితే చాలదా అంటే, తిండి తప్పనిసరే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజూ 0.83 గ్రాముల ప్రోటీన్ సిఫారసు చేసింది, మూడు పూటలా అన్నమే ప్రధానమైతే అది అందడం కష్టం. అయితే బోస్టన్ బృందమే 1994లో వందమంది వృద్ధులతో చేసిన పరిశోధనలో, వ్యాయామం లేకుండా పోషక పానీయం ఒక్కటే ఇస్తే బలం పెరగలేదు. మందులే అక్కర్లేదనడం లేదు. లేవలేని రోగికి, క్యాన్సర్‌తో కండ కరుగుతున్నవారికి అవి కావాలి, పరిశోధన సాగాలి. ఇంకా రాని మాత్ర కోసం ఉన్న వైద్యాన్ని పక్కనపెట్టడమే తప్పు.

బీపీ, షుగర్ చూసే శిబిరంలో ఒక కుర్చీ, ఒక గడియారం ఉంటే అయిదుసార్లు లేచి కూర్చునే ఆ పరీక్ష అయిపోతుంది. తేడా కనిపించినవారిని ఫిజియోథెరపిస్టు దగ్గరకు పంపే ఏర్పాటు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉండాలి. అది వచ్చేదాకా ఇంట్లో చేయగలిగింది కొంత ఉంది. నాన్న నీళ్ల కోసం లేస్తే లేవనివ్వాలి. అమ్మకు బిందె బరువైతే చెంబు ఇవ్వాలి. ఊతం కోసం పక్కన నిలబడటం గౌరవమే, కానీ వాళ్ల కాళ్లు చేయాల్సిన పనిని మనం లాక్కోకూడదు.