అప్పారావు ఎందుకు ఆఖరు?

కంప్యూటర్‌కు అక్షరమాల రాదు, అంకెలే వచ్చు. పేర్లు ఏ వరసలో ఉండాలో మనిషే చెప్పాలి.

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ తెలుగువాళ్లు బతుకుతెరువు కోసం చేరుతూ వచ్చిన ఊరు ఖరగ్‌పూర్. వాళ్ల భాషకు అధికార హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబర్‌లో నిర్ణయించింది. అయితే హోదా అసలు పరీక్షకు నిలిచేది చిన్న చోట్లే. పేర్ల జాబితా అలాంటిదే.

రైల్వే కాలనీలో ఒక సంఘం సభ్యుల పేర్లను ఎవరి లిపిలో వారివి ఎక్కించిందనుకుందాం. రాంలాల్ హిందీలో, తపన్ బెంగాలీలో, అప్పారావు తెలుగులో. జావాస్క్రిప్ట్‌లో ఈ జాబితాకు 'సార్ట్' అని ఆదేశమిస్తే రాంలాల్ మొదట, తపన్ తర్వాత, అప్పారావు ఆఖరున వస్తారు. పేరు 'అ'తో మొదలైనా ఆయనకు అడుగు స్థానమే. ఇంగ్లిష్‌లో రాసిన పేర్లుంటే అవి అందరికంటే పైన.

ఇందులో కుట్రేమీ లేదు. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. దేవనాగరి సంఖ్యలు 2304 నుంచి, బెంగాలీవి 2432 నుంచి, తెలుగువి 3072 నుంచి మొదలవుతాయి. యంత్రం చూసేది ఆ సంఖ్యలనే. వేరే వరస చెప్పకపోతే దానికి అదే న్యాయం.

వేరే వరస చెప్పడం కష్టమేమీ కాదు. రెండు పేర్లను పోల్చే చిన్న ఫంక్షన్ రాసి సార్ట్‌కు అప్పగిస్తే చాలు. మొదటి పేరు ముందుండాలంటే అది రుణ సంఖ్యను, వెనకుండాలంటే ధన సంఖ్యను, సమానమైతే సున్నాను ఇస్తుంది. 2019 ప్రమాణం ప్రకారం, సమానమైనవి వచ్చిన క్రమంలోనే నిలవాలి. షరతు ఒక్కటే, తీర్పులో నిలకడ. రాము కంటే సోము, సోము కంటే భీము ముందన్నాక, భీము కంటే రాము ముందని అంటే వరసే ఉండదు.

ఖరగ్‌పూర్ జాబితాకు పనికొచ్చే సదుపాయం యూనికోడ్‌లోనే ఉంది. ఈ లిపులకు 1988 నాటి ఇస్కీ ప్రమాణం ఆధారం. అందుకే ఒక్కో లిపికి 128 గదులు, ఒకే అక్షరానికి అన్నిట్లోనూ ఒకే గది. అక్షర సంఖ్యను 128తో భాగిస్తే 'అ'కు ఏ లిపిలోనైనా శేషం 5, 'త'కు 36, 'ర'కు 48. శేషాలను పోల్చమంటే అప్పారావు, తపన్, రాంలాల్ అని వరస మారుతుంది. ఇంగ్లిష్ పేర్లకు మాత్రం విడిగా పట్టిక రాసుకోవాలి.

తెలుగులోనూ ఒక చిక్కుంది. బడిలో నేర్పే వర్ణమాలలో 'ళ' స్థానం 'హ' తర్వాత. యూనికోడ్‌లో 'ల' పక్కనే. అందుకే యంత్రానికి 'కళ' ముందు, 'కవి' వెనక. బడి వరసే కావాలంటే ఆ వరసను ప్రోగ్రామ్‌లో రాసివ్వాలి.

పిలుపులు, టోకెన్లు, ఓటర్ల జాబితాలు, అన్నీ వరసతోనే నడుస్తాయి. ఏ వరసా దానంతటది రాదు, ఎవరో ఒకరు నిర్ణయించిందే. ఎవరూ పట్టించుకోకపోతే యంత్రమే నిర్ణయిస్తుంది. అప్పుడు అప్పారావు ఎప్పటికీ ఆఖరే.